బావగారు తప్పు కుట్టిన పుస్తకం

మా బావగారు, అంటే మా ఆయనకి అన్నయ్య, ఈమధ్యే పోయారు. చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేయడం ఆయన పని. వీధిలో అందరూ జిగురాయన అనేవాళ్ళు. వేళ్ళకి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉండేదని కొంత, ఎవరింటికి వెళ్ళినా కుర్చీలోంచి ఒక పట్టాన లేచేవారు కాదని కొంత. ఆ పేరుకి ఆయన ఎప్పుడూ నొచ్చుకోలేదు. "ఊడిపోయే రకం కాదంటున్నారు, మంచిదేగా" అనేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి, "జిగురు ఆరేదాకా ఆగమన్నాను, ఎవరూ ఆగలేదు" అని చెప్పి నవ్వించి తప్పించుకునేవారు.

మేం పై వాటాలో ఉంటాం. కింద ముందుగది ఆయన పనిగది. కిటికీ సగానికి పుస్తకాల దొంతరలే. ఒక మూల చిన్న స్టవ్, దాని మీద మైదా జిగురు ఉడికే గిన్నె. పురుగు పట్టకుండా అందులో ఇంత మైలుతుత్తం వేసేవారు. అది విషం, అందుకని ఆ గిన్నె దరిదాపులకి నన్ను టీ గ్లాసు తేనిచ్చేవారు కాదు. అంత జాగ్రత్త మనిషీ ఓసారి పరధ్యానంలో శుభ్రమైన కుంచె తీసి టీలో ముంచి అట్టకి పూసేశారు. కాసేపు దాన్ని నొక్కి చూసి, "నీ టీ చిక్కగానే ఉందమ్మా, పట్టింది" అన్నారు.

పుస్తకం మనకి ఒకటే వస్తువు. ఆయనకి అలా కాదు. పెద్ద కాగితం మీద అచ్చు వేసి, మడత మీద మడత పెడితే పదహారు పేజీలవుతాయి. దాన్ని ఫారం అంటారు. ఫారాల్ని వరసగా పేర్చి, వెన్ను దగ్గర సూదీ దారంతో కుట్టి, జిగురు రాసి, గుడ్డ అంటించి, ఆపైన అట్ట వేస్తారు. వరస తప్పితే పుస్తకం పాడైనట్టే. వరసకి పేజీ నంబర్లు చూసుకునేవారు. నంబర్లు చిరిగిపోతే, ఒక ఫారం చివరి మాట, ఇంకో ఫారం మొదటి మాట పక్కపక్కన పెట్టి కలుస్తున్నాయో లేదో చూసుకునేవారు. అంతకుమించి చదివేవారు కాదు. "ఇన్ని పుస్తకాలు మీ చేతిలోంచి వెళ్తాయి, ఒక్కటైనా చదవరేం బావగారూ?" అంటే, "తాపీమేస్త్రి కట్టిన ప్రతి గదిలోనూ పడుకుంటాడా?" అనేవారు.

మా అమ్మాయిని ఆయన పిట్టా అని పిలిచేవారు. చిన్నప్పుడు అంత వాగేది. పదిహేను దాటాక మెల్లగా నోరు మూతపడింది. పొద్దున్నే లేవదు, తల దువ్వుకోదు, అన్నం కంచంలో కెలికి వదిలేస్తుంది. స్కూలు మానేసింది. ఏమైందే అంటే "ఏం లేదమ్మా" అంటుంది. జ్వరం లేదు, దెబ్బ లేదు, ఎవరూ ఏమీ అనలేదు. మధ్యలో రెండు రోజులు లేచి జడ వేసుకుని నాతో కూరలు తరిగేది. హమ్మయ్య, గండం గడిచింది అనుకునేదాన్ని. మూడో రోజుకి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకునేది.

మా ఆయనది ఒకటే మాట. "ఏం తక్కువ చేశాం దీనికి?" నన్నూ అదే అడిగేవారు, పిల్లనీ అదే అడిగేవారు. కోపంతో కాదు, ఆయనకి నిజంగానే అర్థం కాక.

ఇంట్లో అది ఇష్టంగా వెళ్ళే చోటు ఒక్క పనిగదే. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. బావగారు కుట్టుకుంటూ ఉంటే అది గోడకి ఆనుకుని కూర్చునేది. ఆయన దాన్ని పనిలోకి లాగేవారు కాదు, పొమ్మనేవారూ కాదు. అప్పుడప్పుడు "పిట్ట ఇక్కడే ఉందమ్మా" అని మెట్ల దగ్గర్నుంచి నాకో కేక వేసేవారు, అంతే.

ఆ రోజుల్లోనే స్కూలు లైబ్రరీ నుంచి ఒక కట్ట వచ్చింది. అందులో ఒక నవల ఉంది. పదహారేళ్ళ అమ్మాయి కథ. ఆ పిల్లకి కారణం లేకుండానే దిగులు కమ్ముతుంది, మంచం మీంచి లేవలేకపోతుంది, చివరికి డాక్టరు దగ్గరికి వెళ్ళి కోలుకుంటుంది. పిల్లలు చేతులు మార్చి మార్చి చదివినట్టున్నారు, కుట్టు తెగి ఫారాలన్నీ విడిపోయాయి. అడుగున తడిసి నంబర్లు చెరిగిపోయాయి. బావగారు దాన్ని మాట మాట కలిపి చూసుకుని, కుట్టి, నీలం గుడ్డ వేసి పంపేశారు. పంపేముందు జిగురు ఆరడానికి బరువు కింద పెట్టి ఉంటే, మా అమ్మాయి తీసుకుని అక్కడే కూర్చుని చదివేసింది. చదివి మళ్ళీ బరువు కింద పెట్టేసింది.

కొన్నాళ్ళకి లైబ్రరీ టీచరమ్మ ఆ పుస్తకం పట్టుకుని నేరుగా పనిగదిలోకి వచ్చింది. నేను ఆవిడకి టీ తీసుకుని దిగుతున్నాను.

"ఏంటండీ ఇది? పుస్తకం సగంలోనే సమాప్తం అని ఉంది. సమాప్తం అయ్యాక ఇంకా సగం కథ ఉంది. పిల్లలు నన్ను పట్టుకుని ఒకటే నవ్వు!"

బావగారు పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కంటికి ఆనించుకుని చూశారు. నాలుగో ఫారం చివర "కిటికీ రెక్కలు" అని ఉంది. ఆఖరి ఫారం మొదట "తెరిచింది" అని ఉంది. చక్కగా కలిశాయి, మిగిలినవి దాని వెనక పెట్టి కుట్టేశారు. అసలు కలవాల్సిన ఫారం "మూసేసింది" అని మొదలవుతుంది. ఆఖరి ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న సమాప్తం ఆయనకి మరకలా కనబడిందట. కంట్లో శుక్లం అంత ముదిరిందని మాకెవరికీ తెలీదు, ఆయన చెప్పలేదు.

"తప్పు నాదేనండీ" అన్నారు. "సాయంత్రానికి సరిచేసి పంపిస్తాను."

టీచరమ్మ ఆయన మొహం చూసి మెత్తబడింది. "తొందరేం లేదులెండి" అని టీ తాగి వెళ్ళిపోయింది. అన్నేళ్ళ పనిలో అది ఆయన మొదటి తప్పు. కుట్టు కోయడానికి బ్లేడు తీశారు.

"పెదనాన్నా, విప్పొద్దు."

మా అమ్మాయి అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్ళయిందో! నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"తప్పు కుట్టాను కదే పిట్టా" అన్నారాయన.

"తప్పు కాదు. అలాగే ఉంటుంది. బాగైపోయింది, సమాప్తం అని రాసేస్తారు. పేజీ తిప్పితే మళ్ళీ మంచం మీదే ఉంటుంది. నాకూ అంతే. నేను లేచి జడ వేసుకోగానే మీరందరూ తగ్గిపోయిందనుకుంటారు. నేనూ అనుకుంటాను. మళ్ళీ వస్తుంది. ప్రతిసారీ ఇంకాస్త లోతుకి." ఆగి ఊపిరి తీసుకుంది. "ఈ పుస్తకంలో చివరికి ఆ పిల్ల డాక్టరు గది బయట కూర్చుని ఉంటుంది. లోపలికి వెళ్ళిందో లేదో లేదు. నేను అక్కడిదాకా కూడా వెళ్ళలేను."

బావగారు బ్లేడు బల్ల మీద పెట్టేశారు. దాని ఎదురుగా నేల మీద కూర్చున్నారు. ఆయన మోకాళ్ళకి అది చాలా కష్టం.

"పిట్టా, ఒకటి అడుగుతాను. తిట్టను, ఏడవను. చచ్చిపోవాలని అనిపిస్తోందా?"

ఆ మాట ఇంట్లో పైకి అనకూడదనుకున్నదాన్ని నేను. ఆయన పేజీ నంబరు అడిగినట్టు అడిగారు.

"అనిపిస్తోంది" అంది. అని, చిన్నపిల్లలా ఆయన భుజం మీద పడి ఏడ్చింది. బావగారు జిగురు చేతులు దాని జుట్టుకి తగలకుండా పైకెత్తి పట్టుకుని, మోచేతులతోనే దగ్గరికి తీసుకున్నారు. "చెప్పావు చూడు, అది చాలు, అది చాలు" అంటూనే ఉన్నారు. నాకేసి చూసి, "అమ్మా, తమ్ముడికి ఫోన్ చేసి రమ్మను. నువ్వు వచ్చి ఇక్కడ కూర్చో" అన్నారు.

మా ఆయన వచ్చారు. విన్నారు. అయినా నోట్లోంచి అదే వచ్చింది. "ఏం తక్కువ చేశామన్నయ్యా దీనికి? పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే రేపు దాన్ని ఏమని పిలుస్తారు?"

"నన్ను జిగురాయన అంటున్నారు, చచ్చానా?" అన్నారు బావగారు. తర్వాత గొంతు తగ్గించారు. "నా కంట్లో పొర వచ్చిందిరా. ఏం తక్కువై వచ్చింది? వచ్చింది, అంతే. ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాను, ఏమైందో చూశావుగా. పుస్తకం కాబట్టి విప్పి మళ్ళీ కుట్టొచ్చు."

మా ఆయన బల్ల మీది పుస్తకాన్ని తీసి చూసి, మళ్ళీ అక్కడే పెట్టారు. "బండి తీస్తాను" అన్నారు.

పిల్ల మొండికేసింది. రానంటే రానంది. "లోపలికి వెళ్ళొద్దులే" అన్నారు బావగారు. "బయట కూర్చుందాం. నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు. కూర్చోవడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు."

నిజంగానే కూర్చున్నారు. ఆస్పత్రి వరండాలో వరసగా ఇనప కుర్చీలు. మా ఆయన నిలబడలేక, కూర్చోలేక అటూ ఇటూ తిరిగారు. పేరు పిలిచారు, మా అమ్మాయి లేవలేదు. బావగారు లేచి వెళ్ళి, "మా తర్వాతివాళ్ళని పంపండమ్మా" అని చెప్పొచ్చారు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ వెళ్ళి చెప్పొచ్చారు. నర్సు నవ్వేసింది. "మీరు చూపించుకోవడానికి వచ్చారా, దారి చూపించడానికి వచ్చారా తాతగారూ?" "ఇంకా జిగురు ఆరలేదమ్మా" అన్నారీయన. నర్సుకేం అర్థమవుతుంది? మా అమ్మాయి పెదవుల మీద మాత్రం చిన్న కదలిక. మూడోసారి పిలిచినప్పుడు అది నా చెయ్యి పట్టుకుని లేచింది.

డాక్టరమ్మ చాలాసేపు దానితోనే మాట్లాడింది. తర్వాత మమ్మల్ని పిలిచి, ఇది జబ్బేననీ, మందులూ మాటలూ రెండూ కావాలనీ, తగ్గినట్టే తగ్గి మళ్ళీ రావచ్చనీ చెప్పింది. వచ్చిన ప్రతిసారీ మొదటికొచ్చిందని బెంగపడొద్దంది. కొన్నాళ్ళు పిల్లని ఒంటరిగా వదలొద్దంది. నేను దాని పక్కనే పడుకున్నాను. మా ఆయన మందుల టైముకి పని మధ్యలో ఇంటికొచ్చి వెళ్ళేవారు. ఆ పాత ప్రశ్న మళ్ళీ అడగలేదు.

పుస్తకాన్ని విప్పి కుట్టింది బావగారే, ఫారాల చివరి మాటలు చదివి పెట్టింది మా అమ్మాయి. ఆయన కంటికి ఆపరేషన్ అయ్యేదాకా ఆ పని దానిదే. "గట్టిగా చదవవే, నాకు కళ్ళే పోయాయి, చెవులు కాదు అనుకుంటున్నావేమో, అవీ సగమే" అని దాన్ని ఆటపట్టించేవారు. అది మళ్ళీ స్కూలుకి వెళ్ళింది. ఒక ఏడాది వెనకబడింది, పరవాలేదు. నడుమ రెండుసార్లు దిగులు తిరిగొచ్చింది. రెండుసార్లూ ముందు తెలిసింది ఆయనకే. కూర్చున్న తీరు చూసి కనిపెట్టేవారు.

అందుకే ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి, పనిగదిలో కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళంతా ఆయన గురించి మాట్లాడుతుంటే నేను పిల్లనే చూస్తూ కూర్చున్నాను. ఇకమీదట దీన్ని ఎవరు కనిపెడతారు? నాకు ఆయన చూపు లేదు. పైగా నాకే ఒంట్లో సత్తువ లేదు. పొయ్యి వెలిగించడం మర్చిపోయి వంటింట్లో అలా కూలబడేదాన్ని.

ఒక పొద్దున అలాగే కూర్చుని ఉంటే అది వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది. తల దువ్వుకోలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, నాకు మళ్ళీ మొదలైంది."

"పెదనాన్న గుర్తొచ్చి ఉంటారే" అన్నాను.

"అది వేరు, ఇది వేరు. రెండూ ఉన్నాయి. రాత్రి నుంచి నాకు భయంగా ఉంది. డాక్టరమ్మకి ఫోన్ చేశాను, రమ్మంది. నువ్వూ రా. నువ్వూ సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో చూసుకున్నావా?"

చీర మార్చుకున్నాను. మా ఆయన ఏమీ అడగకుండా బండి తీశారు. డాక్టరమ్మ మందు కొంచెం మార్చింది, వారం తిరక్కుండా మళ్ళీ రమ్మంది. నన్నూ కూర్చోబెట్టి నాలుగు మాటలు అడిగింది. ఇంటికొచ్చాక అన్నం వండాను. అది కొంచెం తింది. తింటూ నా కంచంలోకి చూసి, "నువ్వు కలుపుకోలేదు" అంది. కలుపుకున్నాను.