మా బావ జనరేటర్ ఆపిన రోజు

మా బావకు కోపం రాదు. ఆయన వాటా కోపం కూడా దేవుడు నీకే ఇచ్చాడని మా అక్క నన్ను దెప్పుతుంది. అబద్ధమేమీ కాదు. కుట్టు మిషన్ మీద కూర్చుని, పక్కవీధి గొడవకు కూడా పళ్ళు కొరికే రకాన్ని నేను. ఈ కథలో పగంతా నాది. పని మాత్రం బావ చేశాడు.

ఆయనది జనరేటర్ అద్దెకిచ్చే వ్యాపారం. పెళ్ళి అయినా మీటింగ్ అయినా, ఆ పచ్చరంగు డబ్బాను బండి మీద లాక్కుపోతాడు. అందరూ కరెంటాయన అంటారు, అసలు పేరు పెట్టి పిలిస్తే ఆయనే పలకడు. కుర్రతనంలో లైట్లు కట్టే పనికి చేరి, ఎవరో పారేసిన ఇంజన్ తెచ్చుకుని, విప్పి, బిగించి, తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మనిషి. ఆయన వెలిగించిన దీపం సభ మధ్యలో ఆరిపోయిందని ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు. ఆయనకున్న ఆస్తి ఆ మాటే. పని జరుగుతున్నంతసేపూ ఇంజన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాడు. చప్పుడు బరువెక్కితే "లోపల ఏసీలు వేశారు" అంటాడు, తేలికపడితే "భోజనాలకి లేచారు" అంటాడు.

మా అక్క కూతురు ఆ పొగలోనే పెరిగింది. ఎన్నిసార్లు సున్నం వేసినా వాళ్ళ ముందుగోడ నల్లబడేది. బావకు తెల్లారితే చాలు, దగ్గు. ఆ దగ్గు విని విని పిల్ల మనసులో ఒకటే పడిపోయింది. ఎండతో నిండే బ్యాటరీలు బండికి ఎక్కించాలి, నాన్న జనరేటర్‌ను ఇంట్లోంచి గెంటెయ్యాలి. పాత బ్యాటరీలు పోగేసి చిన్న బండి తయారుచేసి, నా షాపులో లైటు వెలిగించి చూపించింది కూడా. చప్పుడు లేకుండా లైటు వెలిగేసరికి బావ అనుమానంగా దాని చుట్టూ తిరిగాడు.

"వెలుగుతోంది సరే, ప్రాణం ఉందంటావా దీనికి?" అన్నాడు. పిల్ల పడీ పడీ నవ్వింది.

కాలేజీలో ఆ సోలార్ చదువు చదివించడానికి మా తాహతు చాలదు. అప్పుడే ఒక సంస్థ, సౌరశక్తి మీదా పర్యావరణం మీదా నిజమైన శ్రద్ధ ఉన్న పిల్లలకు స్కాలర్‌షిప్ ఇచ్చి కాలేజీలో చదివిస్తామంది. పరీక్షలో మా పిల్లే ఫస్టు. ఇంటర్వ్యూలోనూ ఫస్టే. ఇక మిగిలింది ఇంటికొచ్చి చూడటం. పిల్ల మాటల్లో చెప్పిన శ్రద్ధ ఇంట్లో కనిపిస్తోందో లేదో చూసి గానీ ఇవ్వరట.

సంస్థ పెద్దాయన స్వయంగా వచ్చాడు. మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా. చొక్కా కుట్టు చూసి ముచ్చటపడ్డాను, మనిషి నోరు విప్పాక నా ముచ్చట తీరిపోయింది. వాకిట్లో జనరేటర్, డీజిల్ డబ్బాలు, నల్లగోడ చూసి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. బావ చెయ్యి గుడ్డతో తుడుచుకుని ముందుకు చాపాడు. పెద్దాయన తన చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏమీ అనుకోకండి. ఈ చేతుల్లో పెరిగిన పిల్ల పొగలేని కరెంటు గురించి మాట్లాడితే ఎవరు నమ్ముతారు?"

"అయ్యా, ఈ పొగ వద్దనే కదండీ అది చదువుతానంటోంది," అన్నాడు బావ.

"ముందు ఇల్లు శుభ్రం చేసుకోండి. చదువు సంగతి తర్వాత."

స్కాలర్‌షిప్ రాలేదు. కబురు విన్న రోజున బావ పెరట్లో కూర్చుని బట్టల సబ్బుతో చేతులు తోముకున్నాడు, తోలు ఎర్రబడేదాకా. అది చూసి, ఆ తెల్లచొక్కాను నలుగురిలో నిలబెట్టి పరువు తియ్యకపోతే నా పేరు మార్చుకుంటానని కత్తెర మీద ఒట్టు వేశాను.

"ముందు ఆ కాలర్ కుట్టవే తల్లీ, ఒట్లు తర్వాత వేద్దువుగాని," అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

కొన్నాళ్ళకు ఒక టెంట్‌హౌస్ అతను బావకు ఫోన్ చేశాడు. పగటిపూట ఒక ఫంక్షన్ హాల్లో సభ ఉందిట. వెనక గేటు నుంచి రావాలి, జనరేటర్ ముందర టార్పాలిన్ కట్టాలి, ఎవరైనా అడిగితే నీళ్ళ మోటారని చెప్పాలి. బావకు వైర్లు లాగే మనిషి దొరక్క నన్ను తోడు రమ్మన్నాడు. హాలు ముందు నుంచి తిరిగి వెళ్తుంటే బ్యానర్ కనపడింది. అదే సంస్థ, అదే స్కాలర్‌షిప్పుల పంపకం. కింద పెద్ద అక్షరాలు: ఈ సభ పూర్తిగా సూర్యుడి వెలుగుతో. డాబా మీద ప్యానెళ్ళు ఉన్నమాట నిజమే. వాటి వైర్లు మాత్రం చుట్టచుట్టి వెనక పైపుకు వేలాడదీశారు. దేనికీ తగిలించలేదు.

"బావా, సభ మధ్యలో ఒక్కసారి ఆపెయ్. నా మాట విను."

"ఒప్పుకున్న పని. నువ్వూరుకో."

వైరు లాగుతూ కిటికీలోంచి చూస్తే లోపల మా పిల్ల కూడా ఉంది. దాని స్నేహితురాలికి స్కాలర్‌షిప్ వచ్చిందని మాకు చెప్పకుండా చప్పట్లు కొట్టడానికి వెళ్ళింది, పిచ్చిది.

సభ మొదలైంది. పెద్ద స్పీకర్ల ధర్మమా అని ప్రతి మాటా మాకు వినిపిస్తోంది. తెల్లచొక్కా మైకులో అన్నాడు: "ఇప్పుడు మీ అందరి ముందూ మెయిన్ స్విచ్ దించేస్తున్నాను. చూడండి, ఒక్క దీపం కూడా ఆరదు!" ఆరలేదు మరి, హాలు లైన్లన్నీ మా వైర్లకే తగిలించి, ఆరనివ్వకుండా మా బావ ఇక్కడ కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతటితో ఊరుకున్నా బతికిపోయేవాడు. ఊరుకోలేదు. "మేము ఒక ఇల్లు చూశాం. పిల్ల మాటలు బంగారం. ఇల్లు మసిగొట్టం. తండ్రి చేతులు చూస్తే అన్నం తినబుద్ధి కాదు. అలాంటి ఇళ్ళ నుంచి రేపటి వెలుగు రాదు," అన్నాడు. కొందరు నవ్వారు.

బావ నా వైపు తిరిగాడు. "పిల్ల లోపలే ఉంది కదా?"

"ముందు వరసలో."

ఆయన లేచాడు. చేతులు ఒకసారి చూసుకున్నాడు. స్టాప్ మీట నొక్కాడు.

ఇంజన్ దగ్గి ఆగిపోయింది. లోపల కేకలు, కుర్చీల చప్పుడు. వెనక తలుపు తోసుకుని తెల్లచొక్కా పరిగెత్తుకొచ్చాడు. ఆయన వెనకే అతిథులు, తల్లిదండ్రులు, మా పిల్ల. నేను టార్పాలిన్ ఒక్క లాగు లాగి కింద పడేశాను. అప్పుడు తెల్లచొక్కా బావను గుర్తుపట్టాడు.

"ఎందుకు ఆపావు?" అన్నాడు.

"తమరికి ఈ చేతులు పడవు కదండీ. తమరి చేత్తోనే వేసుకోండి."

"సరే, తప్పయింది. మీ అమ్మాయికి కూడా ఇచ్చేస్తాం. ముందు స్టార్ట్ చెయ్యండి," అన్నాడు దగ్గరికొచ్చి, గుసగుసగా.

బావ చెయ్యి మీట దాకా వెళ్ళింది. పిల్ల చదువు ఆ మీట మీద ఉంది. వేసేస్తాడనే అనుకున్నాను. ఇంతలో పిల్ల ముందుకొచ్చింది.

"నాకెందుకు రాలేదో, ఈ సభ దేని మీద నడుస్తోందో అందరికీ చెప్పండి సార్. అప్పుడు నాన్న వేస్తాడు."

"చెప్తానమ్మా. మైకు రానివ్వు, లోపలే చెప్తాను."

"మైకెందుకండీ?" అన్నాడు బావ. "ఇంజన్ ఆగింది కదా. మెల్లగా చెప్పినా అందరికీ వినపడుతుంది."

చెప్పాడు. నీళ్ళు నములుతూ, నేల చూపులు చూస్తూ, డీజిల్ సంగతీ చెప్పాడు, ఫస్టు వచ్చిన పిల్లను తప్పించిన సంగతీ చెప్పాడు. సంస్థకు విరాళాలిచ్చే ఒక పెద్దావిడ "అయితే ఈ పిల్లను ముందు స్టేజి ఎక్కించండి" అని గదమాయించింది. నా చెవుల్లో అమృతం పోసినట్టయింది.

బావ ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆ మూల ఎప్పుడూ జనరేటర్లు పెట్టే చోటేనేమో, గోడంతా మసి. పిల్ల లోపలికి పోతూ పోతూ కుడి అరచెయ్యి ఆ గోడకు ఆనించింది. కాలు తడబడి పట్టుకుందనుకున్నాను.

స్టేజి మీద తెల్లచొక్కా దానికి స్కాలర్‌షిప్ పత్రం ఇచ్చాడు. పిల్ల ఎడమచేత్తో అందుకుని, కుడిచెయ్యి చాపింది. ఎదురుగా కెమెరాలు, హాలు నిండా జనం. ఈసారి ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకోలేకపోయాడు. పిల్ల ఆయన మణికట్టును ఒకసారి గట్టిగా నొక్కి, తర్వాత అరచెయ్యి పట్టుకుని వదల్లేదు, ఫోటో తీసేదాకా.

ఇప్పుడది కాలేజీలో ఉంది. టెంట్‌హౌస్ అతను మళ్ళీ బావను పిలవలేదు. "నా దీపం సభ మధ్యలో ఆరిపోయింది," అని బావ ఇప్పటికీ బాధపడతాడు. నేను మాత్రం ఆ ఫోటో కట్టించి కుట్టు మిషన్ ఎదురుగా తగిలించాను. తెల్లచొక్కా కఫ్ మీద నాలుగు నల్లటి వేళ్ళ అచ్చులు స్పష్టంగా పడ్డాయి.

"ఆ మరక ఉతికితే పోయి ఉంటుందంటావా?" అని అడిగింది అక్క ఒకరోజు.

దర్జీదాన్ని, నాకు తెలియదా? పోదు.