రేపల్లె తాలూకా వరి

పాత బొమ్మలు చూడడమే నా ఉద్యోగం. దొరలు మన మొక్కల్నీ పురుగుల్నీ మనుషుల్నీ గీయించుకుని, కింద పేర్లు రాసుకుని, ఇంగ్లండుకు పంపుకున్న బొమ్మలు. గీసినవాళ్ళు చాలావరకు మనవాళ్ళే. వాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. ఆ కోపంతోనే చరిత్రలోకి వచ్చాను, ఆ కోపం మీదే ఇన్నేళ్ళు బతికాను.

లండన్‌లో ఒక గ్రంథాలయంలో ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు కళ్ళు చెమర్చాయి. వేళ్ళతో సహా పెరికిన లేత మొక్క. కింద దొర చేతిరాతలో 'రేపల్లె తాలూకా వరి' అని ఉంది. మాది తెనాలి పక్కన అంగలకుదురు. అంత దూరం పోయాక రేపల్లె పేరు కనబడితే ఎవరికి మాత్రం గుండె పొంగదు?

ఆ బొమ్మ మీద నా పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాను. వరి ఆకు కాడను అంటుకునే చోట సన్నని తెల్లపొర ఉంటుందని వృక్షశాస్త్రంలో చదివాను. బొమ్మలో అది లేదు. చిత్రకారుడు పొరబడ్డాడని తేల్చేశాను. పాపం ఆయనకు సైన్సు ఎవరు నేర్పారు, అందం చూసుకుంటూ గీసుకుపోయాడు అని వెనకేసుకొచ్చాను కూడా. ఆ మాటకు ఎన్ని సభల్లో చప్పట్లు కొట్టించుకున్నానో చెబితే సిగ్గుచేటు.

కిందటేడు బాపట్లలో పెద్దమ్మ ఇంట్లో కూర్చుని ఆ పుస్తకం చివరి ప్రూఫులు దిద్దుకుంటున్నాను. ఆ వారంలో పంపేస్తే ఇక అచ్చే. పిట్టలవానిపాలెం దగ్గర పొలంలో కలుపు తీయిస్తున్నానని పెద్దమ్మ బయల్దేరితే, గాలి మార్పుకని నేనూ వెళ్ళాను. మా ఇళ్ళలో ఆడపిల్లలు గట్టు మీద నిలబడి చూస్తారు తప్ప మడిలోకి దిగరు. పొలాలున్న ఇంట్లో పుట్టి నేను ఒక్కనాడూ ఒక్క గడ్డిపరక పీకలేదు.

కూలికి వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద టీ తాగుతుంటే, గొప్పకు పోయి ఫోన్లో బొమ్మ చూపించాను. దొరల కాలం నాటి మన వరి అని చెప్పాను. ఆ గుంపుకు పెద్ద అయిన ముసలావిడ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఇది వరేంటమ్మా? ఊద గదా!"

ఊద అంటే వరిలో వరిలాగే మొలిచే కలుపు. అంతవరకు నాకూ తెలుసు.

"కాదు మామ్మా, కింద వరి అనే రాసుంది. చదువుకున్న దొర రాశాడు."

"రాసినాయన మడిలోకి దిగాడా ఏంటి?"

ఆవిడ ఫోన్ తిరిగిచ్చేసి, వంగి రెండు మొక్కలు పెరికి నా చేతుల్లో పెట్టింది. నా కంటికి రెండూ ఒక్కటే.

"ఆకు మొదట్లో చూడండమ్మా. వరికి తెల్లపొర ఉంటది, నూగుంటది. ఊదకి బోడిగా ఉంటది. అది చూసుకునే పీకుతాం. లేకపోతే వరి పీకి గట్టున పడేస్తాం గదా."

తల కొట్టేసినట్టయింది. దొరకు ఎవరో కలుపు మొక్క ఇచ్చి ఉంటారు, ఆయన వరి అని రాసేసుకున్నాడు. చిత్రకారుడు మాత్రం ఎదురుగా ఉన్నదాన్ని ఉన్నట్టే గీశాడు. దొర రాతను నమ్మి మనవాడి చేతిని అనుమానించింది నేను. అదీ పెద్దమనసుతో క్షమిస్తూ! ఏడుపొచ్చింది.

బొమ్మ గీసినాయన పొర మరిచాడని రాశాను, పొరబడింది నేనే, ప్రూఫులు ఆపమని గట్టు మీంచే ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. ఆయన గొంతు లేచింది. ఇప్పుడు ఆపితే మళ్ళీ ఎప్పుడు వేస్తామో చెప్పలేమన్నాడు. సరేనన్నాను.

"ఒక్క పొర కోసం ఇంత రభసేంటే? ఎవరికి తెలుస్తుంది?" అంది పెద్దమ్మ.

"నాకు తెలిసింది కదా పెద్దమ్మా."

మాటలన్నీ వింటున్న ముసలావిడ అడిగింది.

"బొమ్మ గీసినాయన ఉన్నాడా అమ్మా?"

"లేడు మామ్మా. ఎప్పుడో పోయాడు. పేరు కూడా తెలీదు."

"అయ్యో! సరిగ్గా గీసి కూడా ఇన్నాళ్ళూ మాట పడ్డాడా?"

"నా వల్లే మామ్మా," అన్నాను.