ఎడమకు గుంజిన మోటరు, మా ఉస్తాద్

జనగామలో మా ఉస్తాద్ పోయాడన్న వార్త నాకు చిట్యాల బస్టాండులో ఒక బస్సు డ్రైవరు చెప్పాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "పెద్దాయినా, మీ ఉస్తాద్ తెల్లారంగ పోయిండంట. నిద్రలనే. ఇగ మన బండ్లకు దిక్కెవరు?" అన్నాడు. చేతిలో ఉన్న కూరగాయల సంచితోనే జనగామ బయలుదేరాను.

ఆయన షెడ్డు ముందు మనుషులకన్నా బండ్లే ఎక్కువ ఉన్నట్టు కనిపించింది. కొత్తగూడ అడవి దిక్కు నుంచి జీపుల వాళ్ళు, మానుకోట నుంచి లారీల వాళ్ళు వచ్చారు. మహబూబాబాదును మేం మానుకోట అనే అంటాం. ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే ఉన్నారు గానీ, ఎక్కువమంది గొప్పలు చెప్పుకుంటున్నారు. "నా బండికి ఆయన చెయ్యి పడ్డది" అని ఒకరంటే, "నన్నైతే బండి ముంగటనే తిట్టిండు" అని ఇంకొకరు. తిట్టు తిన్నవాడిదే పైచేయి. నా దగ్గరున్న సంగతి చెబితే అందరూ చప్పబడిపోతారని నాకు తెలుసు. చావింట అంత గర్వం బాగుండదని ఆగాను. ఇక్కడ ఆగాల్సిన పని లేదు.

ఆయన మెకానిక్కు. అన్ని రిపేర్లూ చేసేవాడు గానీ, పేరు మోగింది మాత్రం ఒక్క జబ్బు దగ్గర. స్టీరింగు ఒక పక్కకు గుంజడం. పాత బండ్లకు అది మోకాళ్ళ నొప్పి లాంటిది. టైరులో గాలి తగ్గినా గుంజుతుంది, ఒక చక్రానికి బ్రేకు పట్టేసినా గుంజుతుంది, ముందు చక్రాల వరస తప్పినా గుంజుతుంది. తెలియనివాడు దొరికిన బోల్టల్లా విప్పుతాడు. ఉస్తాద్ మాత్రం బండి రాగానే పానా పట్టేవాడు కాదు. ముందు డ్రైవరును ఎదురుగా కూర్చోబెట్టుకునేవాడు.

"ఎప్పటి సంది గుంజుతున్నది? బ్రేకు కొడితెనా, ఊకెనేనా? ఖాళీగున్నప్పుడా, మంది ఎక్కినంకనా?"

మా ఊరి దవాఖానలో డాక్టరు కూడా అన్ని ప్రశ్నలు వేయడు. తర్వాత బండిని కాస్త దూరం నడిపి తెచ్చి, దిగి, ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఒకటే వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేస్తోందన్నమాట. అది కాకపోతే ముందు టైర్లు రెండూ అటుదిటు మార్పించేవాడు. గుంజుడు కూడా రెండో పక్కకు మారితే తప్పు టైరుది, మారకపోతే ఇంకెక్కడో వెతకాలి. నేనోసారి తొందరపడి గాలీ బ్రేకూ రెండూ ఒకేసారి సరిచేశానని గయ్యిమన్నాడు. "ఒక్కటి మార్సు, నడిపి సూడు. రెండు మారిస్తే ఏది బాగైందో నీకు తెల్వది, నాకు తెల్వది, బండికి గూడ తెల్వది."

ఆయన లెక్క తప్పిన రోజూ ఉంది. ఇద్దరం ఘనపూర్ బస్సులో పోతున్నాం. ఉస్తాద్ ముందు సీట్లో కూర్చుని, బస్సు ఎడమకు పోతుండటం చూసి, "ఎడమ టైరుల గాలి లేదు, ఆపు" అని డ్రైవరు ప్రాణం తీసి ఆపించాడు. చూస్తే గాలి సరిగ్గానే ఉంది. ఎండలో దిగిన ప్రయాణికులు తలా ఒక మాట అన్నారు. ఉస్తాద్ తొణకలేదు. ఎవరిదో చెంబు అడిగి తీసుకుని రోడ్డు మీద నీళ్ళు పోశాడు. అవి ఎడమకు పారాయి. "సూసిన్రా? రోడ్డే పక్కకు వాలింది. బండి మంచిగున్నది. ఎక్కున్రి, పోదాం" అన్నాడు, ఆ మాట చెప్పడానికే బస్సు ఆపించినట్టు. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తన పొరపాటును కూడా పాఠం చేసి మనకే అంటగట్టగల మనిషి.

నేను ఆయన దగ్గర చేరింది మాత్రం పని మీద ఆశతో కాదు. ఆయన వల్ల ప్రాణం మిగిలింది కాబట్టి చేరాను.

అవి సంఘం రోజులు. జనగామ, మానుకోట పక్క ఊళ్ళల్లో జనం ఇక వెట్టి చెయ్యమని ఎదురు తిరిగిన కాలం. నేనొక దొర గడిలో మోటరు నడిపేవాణ్ణి. ఆ మోటరు ఎడమకు గుంజడం మొదలుపెట్టింది. విచిత్రమేమిటంటే, నేనొక్కణ్ణే నడిపితే దారాన్ని పట్టుకుపోయినట్టు సక్కగా పోయేది. దొర ఎక్కితేనే గుంజేది. ఆ మాట రెండుసార్లు విన్నవించుకున్నాను, విన్నవాడు లేడు. చివరికి మానుకోట దారిలో చక్రం పక్క కాలువలో దిగబడింది. దొర నుదురు ముందు సీటుకు కొట్టుకుని బొప్పి కట్టింది.

"నేనెక్కితేనే గుంజుతదారా? ఈడు సంఘపోడు. నన్ను సంపబోయిండు."

నన్ను గడిలో స్తంభానికి కట్టేశారు. ఆ నింద పడ్డవాళ్ళు ఆ గడి నుంచి ఇంటికి నడిచి వచ్చిన దాఖలా లేదు. బయట గేటు దగ్గర నన్ను కన్న మా అవ్వ కూర్చుని ఉందని నాకు తెలుసు.

మోటరు బాగుచెయ్యడానికి జనగామ నుంచి ఉస్తాద్‌ను పిలిపించారు. అప్పటికి ఆయన మొహం కూడా నేనెరుగను. వాకిట్లో ఉన్న మోటరును చూశాడు, నన్ను చూశాడు.

"గాయిన్నెందుకు కట్టేసిన్రు?"

దొర లెక్కలు రాసే మునీము సంగతి చెప్పాడు.

"నడిపినోన్ని కట్టేస్తే బండికేమైందో నాకెవరు చెప్తరు? ఇప్పున్రి. లేకుంటె నేను వోత."

దొర తలాడించాడు. కట్లు విప్పారు. ఉస్తాద్ ఒక్కడే మోటరు నడిపి వచ్చాడు. కొంచెం కూడా గుంజలేదు. "సూసినవా?" అన్నాడు దొర. నా పని అయిపోయిందనుకున్నాను. ఉస్తాద్ నన్ను దగ్గరికి పిలిచి, నీడలో కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి అడిగాడు.

"తమ్మీ, జర నిమ్మలంగ చెప్పు. దొర ఎక్కినప్పుడు ఇంకెవరెవరు ఎక్కుతరు? ఏ దిక్కు?"

దొర వెనక సీట్లో ఎడమవైపు కూర్చుంటాడని చెప్పాను. ఆయన నిండు మనిషి. కుడివైపు ఎప్పుడూ ఖాళీ. దొర సరసన కూర్చోవడమన్నది ఆ రోజుల్లో కలలో కూడా జరగని పని. మునీము సైతం కింద కాళ్ళ దగ్గర ఒదిగేవాడు. ఇదివరకు ఎడమ పక్క ఫుట్‌బోర్డు మీద కట్టె పట్టుకుని ఒక్క మనిషే నిలబడేవాడు. సంఘం భయం పట్టుకున్నాక తుపాకుల వాళ్ళు ముగ్గురు అదే పక్క దొరను అంటిపెట్టుకుని వేలాడుతున్నారు. నేను చెప్పడం అయిపోకముందే ఉస్తాద్ మోటరు కింద దూరాడు. దుమ్ము కొట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎడమ దిక్కు బరువు మోసే కమాను పట్టీలు పగిలినయ్ దొరా. బరువు వడంగనే ఇరుసు ఎనుకకు జరుగుతున్నది, బండి అటే మల్లుతున్నది. ఖాళీగుంటే తెల్వది. తప్పు ఈయనది గాదు."

"ఈన్ని తప్పించనీకి చెప్తున్నవ్."

"ఈన్ని కొడితే పట్టీలు అతుకుతయా దొరా?"

దొరతో అలా మాట్లాడిన మనిషిని నేనంతకుముందు చూడలేదు. ఉస్తాద్ గొంతు పెంచలేదు, దించలేదు. "ఈపాలి కాలువల వడ్డరు. రేపు చెరువు కట్ట మీద గుంజితే ఎట్ల? పానం మీది. ఒక్క బరువే మారుస్త, నడిపి సూద్దాం. తుపాకులోల్లు కొందరు కుడి దిక్కు నిలవడాలె. మీ పక్క సీట్ల ఎవరన్న కూసోవాలె."

దొర మునీము వంక చూశాడు. మునీము నేల చూశాడు. తుపాకుల వాళ్ళూ నేలే చూశారు. అప్పుడు ఉస్తాద్ తలుపు తీసి, "సరే, నేనే కూసుంట" అని ఎక్కి కూర్చున్నాడు. దొర మొహం కందగడ్డయింది. కానీ చెరువు కట్ట మాట ఆయన్ను వదల్లేదు. తుపాకుల వాళ్ళలో ఒకణ్ణి కుడి పక్కకు పొమ్మని సైగ చేసి, తన సీట్లో ఎక్కాడు.

అక్కడ వడ్ల బస్తా పెట్టినా సరిపోయేది. ఆ సంగతి నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత తట్టింది. అడిగితే ఉస్తాద్ టీ తాగుతూ, "బస్తా సాక్ష్యం చెప్తదా తమ్మీ?" అన్నాడు.

ఆ రోజు మోటరు నేనే నడిపాను. ఊరు దాటి తిన్నటి బాట మీదికి వచ్చాక, "స్టీరింగు ఇడువు" అని ఉస్తాద్ వెనక నుంచి అన్నాడు. నా చేతులు రావడం లేదు. "ఇడువు తమ్మీ. నేనున్న గద." రెండు చేతులూ ఎత్తాను. మోటరు ఎటూ తిరగలేదు. చక్రాలు బాట గాడిలో తిన్నగా పోతూనే ఉన్నాయి. నాకు కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగానే ఉన్నా తుడుచుకోలేదు. చాలా దూరం పోయాక దొర అన్నాడు, "సాలు. తిప్పు. నీ జోలికి ఎవడు రాడు, పో." ఆ సాయంత్రమే నేను మా అవ్వను ఇంట్లో దించి, ఉస్తాద్ వెంట జనగామ వెళ్ళిపోయాను.

జీవితంలో ఎన్నో మోటర్లు నడిపాను గానీ, తిరిగి వస్తూ ఊరి నడుమ నుంచి నడిపిన ఆ కాస్త దూరమే నాకు గొప్ప. హారను వినగానే అలవాటుగా జనం బాట పక్కకు తప్పుకుని, చెప్పులు చేత పట్టుకుని, తలలు వంచారు. మోటరు దగ్గరికి వచ్చింది. దొర పక్కన, దొర సీటు మీద, దుమ్ము కొట్టుకున్న అంగీతో ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క తలా లేచింది. గొర్ల మంద తోలుకుపోతున్న ఒక తాత చెప్పులు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉస్తాద్ ఆయన్ను చూసి, "రాం రాం తాతా" అన్నాడు. తాత మోటరు వంక చూశాడు, దొరను చూశాడు, మళ్ళీ ఉస్తాద్‌ను చూశాడు. తర్వాత వంగి, చెప్పులు బాట మీద పెట్టి, తొందరేం లేకుండా ఒక్కో కాలూ దూర్చి తొడుక్కున్నాడు.