కిటికీ పక్క మంచం

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ళవాళ్ళకు ఈశ్వరి చేతిపని తెలుసు. కొంగు చివర వదిలేసిన పోగులను పాయలు తీసి, ముడి వేసి ఆమె కుచ్చులు కట్టిందంటే ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అని ఉండదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళయిన మూడో ఏట భర్త జ్వరమొచ్చి పోతే తల్లి రామాంజినమ్మ దగ్గరికి వచ్చేసింది. ఆ తర్వాత పాతికేళ్ళు రెండు గదుల అద్దె ఇంట్లో ఇద్దరే. వండుకున్నదీ ఇద్దరికే, పోట్లాడుకున్నదీ ఇద్దరే.

తల్లికి పక్షవాతం వచ్చింది. పుట్టపర్తి ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ కుడిచేయి, కుడికాలు, మాట మూడూ పోయాయి. ఏడాదిన్నర పాటు ఈశ్వరి ఒక్కతే ఆమెను ఎత్తింది, దించింది, కడిగింది. చివరికి తన నడుమే పట్టేసి, గోడ పట్టుకుని గానీ లేవలేని స్థితి వచ్చింది. "ఇంక బరువెత్తినావంటే నువ్వూ మంచమెక్కుతావు. అప్పుడు మీ అమ్మను చూసేదెవురు?" అన్నాడు డాక్టరు. వారం రోజులు ఏడ్చి, తల్లిని పెనుకొండలో ఒక ఆశ్రమంలో చేర్చింది. కాంపౌండరు పని మానుకున్న శామ్యూల్ అనే ఆయన, పన్నెండు మంచాలు వేసి నడుపుతున్న ఇల్లు అది. రామాంజినమ్మకు లోపలి గదిలో కిటికీ పక్క మంచం ఇచ్చారు. పడుకుంటే కొండ కనిపిస్తుంది.

నెల తిరక్కముందే ఒక గురువారం చూడ్డానికి వెళ్ళిన ఈశ్వరికి తల్లి ఎడమ మణికట్టు మీద నల్లగా కమిలిన మచ్చ కనిపించింది. ఆయా అరుణను అడిగింది.

"మంచం కమ్మికి తగులుకొనింటాది లే అక్కా," అంది అరుణ, దుప్పటి మడుస్తూనే.

ఆ "లే" అన్న మాట ఈశ్వరికి నచ్చలేదు. తల్లిని అడిగితే నోరు తెరిచింది గానీ మాట రాలేదు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళకు అర్థమేమిటో తేల్చుకోలేక, ఇంటికొచ్చి తమ వీధిలో సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న ఉమాశంకర్‌తో చెప్పుకుంది. అతను బల్ల కిందనుంచి ఒక నల్లటి చిన్న గడియారం తీశాడు.

"దీన్ని ఆడ పెట్టు అక్కా. లోపల కెమెరా, సిమ్ము ఉండాయి, నీ ఫోనులో కనపడతాది. వాళ్ళకు టైము చూపిస్తాది, నీకు మనిషిని చూపిస్తాది. మాట వినపడదు. రికార్డు చేసి దాచిపెట్టుకునేది గూడా ల్యాదు. జరిగేటప్పుడు చూస్తేనే చూసినట్ల."

మంచానికి ఎదురుగా ఉన్న గూట్లో ఆ గడియారం పెడుతూ, "మా అమ్మకు టైము చూసుకునే అలవాటు" అని అరుణతో అబద్ధమాడింది. రామాంజినమ్మకు గడియారం చూడటమే రాదు.

మూడోనాటి సాయంత్రమే మచ్చ సంగతి తేలిపోయింది. ఎవరినైనా పిలవాలంటే మాట లేదు గనక తల్లే ఎడమచేత్తో మంచం కమ్మిని టపటపా కొడుతోంది. అరుణ పరిగెత్తుకొచ్చి, ఆ చేతిని రెండు చేతుల మధ్య పట్టుకుని ఏదో గదమాయించి, మళ్ళీ తనే కమ్మికి పాత చీరముక్క చుట్టింది. ఈశ్వరికి సిగ్గేసింది. వచ్చే గురువారం గడియారం తెచ్చేద్దామనుకుంది. తేలేదు.

అదీ కాక అరుణ దేవతేమీ కాదు. ఒకరోజు ఫోనులో మాట్లాడుకుంటూ తల్లిని తడి బట్టల్లోనే గంటసేపు వదిలేసింది. ఇంకోరోజు తల దువ్వి, తన జడలోని కనకాంబరాలు సగం తుంచి ఆమెకు పెట్టింది. ఈశ్వరి రెండూ చూసింది. ఏదీ ఎవరికీ చెప్పుకోలేదు. పొద్దున్నే ఫోనును నీళ్ళచెంబుకు ఆనించి నిలబెట్టుకునేది. కుచ్చులు కడుతూ తలెత్తితే అమ్మ. ముద్ద కలుపుకుంటూ తలెత్తితే అమ్మ. ఏడు నెలలు అలాగే గడిచాయి.

రామాంజినమ్మ పోయినరోజు ఈశ్వరి చీరలు అప్పజెప్పడానికి అంగడికి వెళ్ళింది. సేటు వేరే బేరంలో ఉండి అరగంట కూర్చోబెట్టాడు. ఫోను సంచిలో ఉంది. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి తెరిచేసరికి, తల్లి మొహం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. అరుణ మంచం పట్టెమీద కూర్చుని ఉంది. ఆ తర్వాతే శామ్యూల్ ఫోను చేశాడు. అప్పుడే తెలిసినట్టు ఈశ్వరి "అయ్యో" అనాల్సి వచ్చింది. నిజంగా ఏడుపు రావడానికి రెండు రోజులు పట్టింది.

దినం అయ్యాక ఆశ్రమంవాళ్ళు తల్లి చీరలు, దుప్పటి మూటగట్టి పంపారు. గడియారం గూట్లోనే ఉండిపోయింది. ఈశ్వరి అడగలేదు. అడిగితే ఎందుకని అడుగుతారేమోనని భయం. కొన్నాళ్ళు ఫోనులో ఖాళీ మంచం కనిపించింది. పరుపు ఎండకు వేశారు, తెచ్చారు, మళ్ళీ పరిచారు. ఫోనులోంచి దాన్ని తీసేద్దామని వేలు పెట్టినప్పుడల్లా, ఇదీ తీసేస్తే ఇంక తలెత్తి చూడ్డానికి ఏముందని ఆగిపోయేది.

మూట వచ్చిన పదకొండో రోజు ఆ మంచం మీద ఒక పెద్దామె కూర్చుని ఉంది. పొడుగు మనిషి. చెవుల దాకా కత్తిరించిన తెల్లజుట్టు. దిండు పక్కన నల్ల అట్ట బైబిలు, దాని మీద కళ్ళద్దాలు. అరుణ పరిచిన దుప్పటిని లాగేసి, మూలలు మడిచి తానే మళ్ళీ పరుచుకుంది. ఈశ్వరికి నవ్వొచ్చింది. అమ్మ పోయాక అదే మొదటిసారి.

ఆమె పేరేమిటో ఈశ్వరికి తెలియదు. గొంతు తెలియదు. కానీ ఆమె చారు అన్నంలో పోసుకోకుండా గ్లాసులో తాగుతుందని తెలుసు. మధ్యాహ్నం చదువుతూ పేజీలో వేలు పెట్టుకుని నిద్రపోతుందని తెలుసు. చీర మార్చుకోవడానికి లేస్తే ఈశ్వరి ఫోనును బోర్లా పెట్టి, వంద లెక్కపెట్టి తిప్పేది. ఆమె తినేవేళకే తానూ కంచం పెట్టుకునేది. టైము చూడాలంటే పెద్దామె నేరుగా గడియారం వైపు చూస్తుంది. అంటే నేరుగా ఈశ్వరి కళ్ళలోకి. ఆ చూపు కోసం ఈశ్వరి చేతిలో పని ఆపేది.

ఆదివారాలు పెద్దామె పొద్దున్నే తెల్లచీర కట్టుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని, నిటారుగా కూర్చునేది. గడియారం చూసేది, వాకిలి చూసేది. సాయంత్రం దాకా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆమె కిటికీ రెక్క వేయబోయి, కాలు మడతపడి, మంచానికీ గోడకూ మధ్య సందులో పడిపోయింది. అరుణ అన్నం కంచంతో వచ్చి, మంచం ఖాళీగా ఉంటే బాత్రూముకు పోయిందనుకుందో ఏమో, కంచం పెట్టి వెళ్ళిపోయింది. పరుపు అంచు మీద పెద్దామె వేళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. అవి జారిపోతున్నాయి.

ఈశ్వరి శామ్యూల్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

"సార్, కిటికీ పక్క మంచం ఆమె పడిపోయింది. గోడ సందులో ఉండాది. బిరీన పోండి సార్!"

"ఎవురమ్మా నువ్వు? యాణ్ణుంచి మాట్లాడతాండావు?"

"ఈశ్వరిని సార్. ధర్మవరం. ముందు పోండి, మళ్ళీ అడుగుదురు గానీ."

నిమిషంలో శామ్యూల్, అరుణ గదిలోకి దూసుకొచ్చారు. మంచం జరిపి ఆమెను ఎత్తి కూర్చోబెట్టారు. నీళ్ళు తాగించారు. ఆ తర్వాత శామ్యూల్ నడుం మీద చేతులు పెట్టుకుని గదంతా కలియజూశాడు. గోడలు, పైకప్పు, గూడు. ఆయన మొహం దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. ఫోను నల్లబడిపోయింది.

మర్నాడు పొద్దుటి రైలుకే ఈశ్వరి పెనుకొండ వెళ్ళింది. పిలవకుండానే వెళ్ళింది. శామ్యూల్ బల్ల మీద గడియారం వెల్లకిలా పడి ఉంది.

"నమ్మకం ల్యాకపోతే చేర్చకూడదమ్మా," అన్నాడాయన. "నీ తల్లి మీద పెట్టుకుంటివి, సరే. ఇంకొకరి ఇంటి ఆడమనిషిని చూసేదానికి నీకేం హక్కుండాది? పోలీసులకు చెప్తే ఏమైతావు?"

"తప్పయిపాయ సార్," అంది ఈశ్వరి.

అరుణ వాకిట్లో నిలబడి వింటోంది. శామ్యూల్ లోపలికి పోగానే దగ్గరికొచ్చింది.

"ఏడు నెల్లు చూస్తాంటివా అక్కా? నేను అవ్వకు కడిగేది, తినిపించేది, అన్నీ?"

ఈశ్వరి తలూపింది.

"మరి గురువారం గురువారం వస్తాంటివి గదా. బాగా చూస్తాండావు అరుణా అని ఒక్క మాట నోట్లోంచి రాకపాయనే. పోనీ, అవ్వ పోయిన పొద్దు చూసినావా?"

"ల్యా. చీరలిచ్చేదానికి పోయింటి."

అరుణ కోపం అలాగే ఉంది గానీ మాట మెత్తబడింది. "నీళ్ళకు సైగ చేసింది. రెండు చెంచాలు తాగించినా. కిటికీ తట్టు తిరిగింది. పిలిస్తే పలకల్యా. బాధేం పడల్యా అక్కా."

అది నిజమో, ఓదార్పో ఈశ్వరికి తెలుసుకునే దారి లేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నమ్మింది.

లోపల పెద్దామె మణికట్టుకు కట్టుతో కూర్చుని ఉంది. ఆమె పేరు మేరీ అని, హిందూపురం తట్టు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసిందని అప్పుడే తెలిసింది. గొంతు ఈశ్వరి అనుకున్నదానికంటే గరుగ్గా ఉంది.

"నువ్వేనా? ఏమేమి చూసినావు?"

"తినేది, చదువుకునేదమ్మా."

"చీర మార్చుకునేది?"

"ఫోను బోర్లా పెడ్తాంటి. దేవునాన."

మేరీ చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. అచ్చం టైము చూసే చూపు. ఈశ్వరే తల దించుకుంది.

"పాతికేండ్లు పిల్లల పెట్టెలు సోదా చేసినదాన్ని నేను. దొంగ ఎవరో మొహం చూస్తే చెప్తా," అంది మేరీ. "రావాలనుకుంటే వాకిట్లోంచి రా. ఆదివారం మాత్రం వద్దు. ఆ పొద్దు మా వాళ్ళొస్తారు."

"సరేనమ్మా," అంది ఈశ్వరి.

తర్వాత నాలుగు గురువారాలు వెళ్ళింది. ఎదురుగా కూర్చుంటే ఇద్దరికీ మాటలు కుదరలేదు. మేరీ హాస్టలు కథలు చెప్పేది, అన్నీ తిట్టిన కథలే. ఈశ్వరి తెచ్చిన చెనక్కాయ ఉండలు పళ్ళకు గట్టిగా ఉన్నాయని పక్కకు పెట్టేది. పక్కనే ఉన్నా, నీళ్ళచెంబుకు ఆనించిన ఫోనులో ఉన్నంత దగ్గరగా ఆమె లేదు. అయినా గురువారం వస్తే ఈశ్వరి ఉతికిన చీర కట్టుకుని స్టేషనుకు నడిచేది.

ఐదో గురువారం మంచం మీద పరుపు లేదు.

"మొన్న వాళ్ళ తమ్ముడు కారు తెచ్చి పిలుచుకొని పాయ," అంది అరుణ. "పోయేటప్పుడు దుడ్లు నా చేతిలో పెట్టబోయింది, తీసుకోల్యా."

"నన్నేమన్నా అడిగిందా?"

అరుణ ఆలోచించింది. అబద్ధం చెప్పే అవకాశం ఉంది గానీ చెప్పలేదు. "హడావిడిలో ఉన్నింది అక్కా."

ఈశ్వరి సంచిలోంచి మెత్తగా చేసి తెచ్చిన రవ్వలడ్డు డబ్బా తీసి అరుణ చేతికిచ్చింది. అరుణ ఆమెను వరండా మెట్ల మీద కూర్చోబెట్టి, రెండు గ్లాసుల్లో టీ తెచ్చి, తానూ పక్కన కూర్చుంది. లడ్డు విరిచి నోట్లో వేసుకుని, "మా అమ్మ ఇట్లే చేస్తాండె" అంది. వాళ్ళమ్మ యాడుందని ఈశ్వరి అడగబోయేంతలో లోపల ఎవరో పిలిచారు. అరుణ సగం టీ వదిలేసి లేచిపోయింది.

అరుణ తిరిగొస్తుందేమోనని ఈశ్వరి కాసేపు చూసింది. లోపల ఎవరినో ఎత్తుతున్న చప్పుడు, అరుణ గదమాయింపు వినిపిస్తున్నాయి. తన టీ తాగేసి, గ్లాసు కుళాయి కింద కడిగి, అరుగు మీద బోర్లించి, రైలు వేళవుతుందని బయలుదేరింది.