పిన్ని హోటలూ, చదువుకునే కంప్యూటరూ

బళ్ళో నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. కంప్యూటర్‌కి చదువు చెప్పే ఉద్యోగం మాత్రం నాకే దొరికింది. ఆ రోజుల్లో తెనాలిలో ఇలాంటి వింతలకి కొదవ లేదు. బట్టల కొట్టు మేడ మీద ఓ గది, అందులో మేం నలుగురం. ఎక్కడో ఉన్న ఓ కంప్యూటర్ రాత్రింబవళ్ళు వెబ్ చదువుతూ, నేర్చుకున్న సంగతులన్నీ ఒక్కో వాక్యంగా మా ముందుకు తోసేది. ‘రేపల్లె ఒక ఊరు.’ నిజం అని నొక్కాలి. ‘కర్లపాలెం ఒక కూరగాయ.’ తప్పు అని నొక్కాలి. (ఈ పనికి తొమ్మిదో తరగతి కూడా ఎక్కువే.) నాలుగు చోట్ల ఒకే మాట కనిపిస్తే చాలు, దానికది పరమసత్యం. బాపట్లలో మా మేనత్తదీ సరిగ్గా ఇదే పద్ధతి. కాకపోతే ఆవిడకి కరెంటు అక్కర్లేదు.

ఒకనాడు ‘రేపల్లె స్టేషన్ దగ్గరి చేపల పులుసు హోటల్ శాశ్వతంగా మూతపడింది’ అని వచ్చింది. అది మా పిన్ని హోటల్. బాబాయి పోయాక ఆ పొయ్యి మీదే ఆవిడ బతుకు. తుఫానుకి వీధిలో నీళ్ళు నిలిచి కొన్నాళ్ళు మూసిన మాట వాస్తవమే. అప్పుడెవడో ఆకలి మీద వచ్చి, ‘మూసేశారు’ అని వెబ్‌లో రాసిపోతే, మిగతావాళ్ళు దాన్నే ఎత్తి రాసుకున్నారు. నేను తప్పు అని నొక్కాను. మా పని చూసే సార్ కుర్చీ లాక్కుని వచ్చాడు.

“ఆధారం ఏంటి?”

“నిన్న అక్కడే తిన్నానండి.”

“నువ్వు తిన్నట్టు వెబ్‌లో ఉందా?”

“నా పొట్టలో ఉందండి.”

మిగతా ముగ్గురూ కిసుక్కుమన్నారు. ఆ ముగ్గురే వెబ్ చూసి నిజం అని నొక్కారు. (నవ్వు నా వైపు, ఓటు కంప్యూటర్ వైపు.)

ఆ సాయంత్రమే నేనూ వెబ్‌లో రాశాను: ‘హోటల్ తెరిచే ఉంది. బొమ్మిడాయిల పులుసు అదిరింది.’ “నాలుగు మాటల ముందు నీ ఒక్క మాట ఏం నిలుస్తుందయ్యా?” అన్నాడు సార్. ఆదివారం రేపల్లె వెళ్తే, మేనత్త అప్పుడే పిన్నికి ఫోన్ చేసింది. “మూసేశావంటగా వదినా, ఒక్క మాటైనా చెప్పలేదే!”

“ఆ మూసేసిన హోటల్లోంచే మాట్లాడుతున్నా, పెట్టేయ్!” అని పిన్ని గరిటె నా వైపు తిప్పింది. “ఏరా, ఆ కంప్యూటర్ని ఓసారి రేపల్లె బండెక్కించు. పీటేసి అన్నం పెడతా. అప్పుడైనా నమ్ముద్దేమో!”

అది బండెక్కలేదు. ఫోన్ చూసి హోటల్ వెతుక్కునే కారు డ్రైవర్లూ, మందుల కంపెనీల కుర్రాళ్ళూ రావడం మానేశారు. మిగిలిన రైస్ మిల్లు హమాలీలు ఎంత తిన్నా పులుసు గిన్నె అడుగు కనపడేది కాదు. వేసవికి పిన్ని పొయ్యి ఆర్పేసి, బాపట్లలో ఓ హాస్టల్లో వంటకి కుదిరింది. తర్వాత ఆ వాక్యమే మళ్ళీ నా ముందుకొచ్చింది. నిజం అని నొక్కాను. సార్ భుజం తట్టి, “ఇన్నాళ్ళకి పని నేర్చుకున్నావయ్యా” అన్నాడు.

ఇప్పుడు ఆ గదీ లేదు, ఆ ఉద్యోగమూ లేదు. మొన్న రేపల్లెలో రైలు దిగి, ఆకలేసి దగ్గర్లో హోటల్ ఏదని ఫోన్‌ని అడిగాను. ‘చేపల పులుసు హోటల్ తెరిచే ఉంది. బొమ్మిడాయిల పులుసు అదిరింది’ అంది. నేను రాసిన మాటే! పిన్ని హోటల్ తలుపుకి తుప్పు పట్టిన తాళం ముందు నిలబడి, పొట్టని ఆధారంగా చూపించిన అప్పటి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకున్నాను. పాపం, చదువు ఆ కంప్యూటర్‌కీ నాలాగే ఆలస్యంగా ఎక్కింది.