ఖైరూ ఆపా కుట్టిన స్కేటింగ్ బట్టలు

మొన్న కడపలో జోడీ స్కేటింగ్ పోటీలకు న్యాయనిర్ణేతగా వెళ్ళాను. పిల్లలు బట్టలు మార్చుకునే గది ముందు నుంచి నడుస్తుంటే లోపల ఒక తల్లి కూతురి డ్రెస్సు ఇస్త్రీ చేస్తోంది. తడిపిన నైలాన్ గుడ్డ మీద వేడి పెట్టె ఆనగానే ఒక వాసన లేస్తుంది. సగం ప్లాస్టిక్, సగం తడిబట్ట. నేను అక్కడే ఆగిపోయాను. ఆ వాసన నాకు ఒక మనిషి వాసన. కర్నూలు వన్ టౌన్‌లో, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులో, కుట్టుమిషన్ వెనక కూర్చున్న ఖైరున్నిసా గారి వాసన. ఊరంతా ఆమెను ఖైరూ ఆపా, అంటే ఖైరూ అక్క, అని పిలుస్తారు.

మాది మంచు మీద చేసే స్కేటింగ్ కాదు. కర్నూలు ఎండల్లో మంచు ఎక్కడిది? నాలుగు చక్రాల బూట్లు వేసుకుని సిమెంటు నేల మీద చేసేది. జోడీ అంటే ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. పాటకు తగ్గట్టు కలిసి జారాలి, తిరగాలి, అబ్బాయి అమ్మాయిని నడుము దగ్గర పట్టి గాలిలోకి ఎత్తాలి. నేనూ మా అన్న రవీ ఒక జోడీ. మా నాన్నకు బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిషింగ్ పని ఉండేది. అక్కడ నున్నగా తీరిన బండల మీదే మేమిద్దరం మొదట చక్రాలు కట్టుకున్నాం. కర్నూలుకు వచ్చాక ఒక కోచ్ సారు దగ్గర చేరాం. నాకు పదిహేనేళ్ళప్పుడు, మమ్మల్ని రాష్ట్ర పోటీలకు పంపుతానని సారు అన్నారు. ఇక బట్టలు కావాలి. మా అమ్మ మమ్మల్ని ఖైరూ ఆపా దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె అప్పటిదాకా స్కూలు యూనిఫారాలు, పెళ్ళి జాకెట్లు, బురఖాలు కుట్టిందే గాని స్కేటింగ్ ఎలా ఉంటుందో చూడలేదు.

కోచ్ సారు ఫోన్లో ఫొటోలు చూపించారు. ఒక కాగితం మీద డ్రెస్సు బొమ్మ గీసి ఇచ్చారు. ఆపా ఫొటోలు చూసి ఫోను తిరిగి ఇచ్చేసింది. "ఫొటోలో బిడ్డ నిలబడి ఉండాది సార్. నిలబడిన బిడ్డకు ఎవురైనా కుడతారు. తిరిగేది చూడల్ల" అంది. మర్నాడు పొద్దున అంగడి మూసి, ఫ్లాస్కులో టీ పోసుకుని మేం స్కేటింగ్ చేసే రింకుకు వచ్చింది. గట్టు మీద కూర్చుని రెండు గంటలు మేం తిరిగేది చూసింది. మేం ఆగాక నన్ను పిలిచి, ఎత్తేటప్పుడు అన్న చెయ్యి ఎక్కడ పెడతాడని అడిగింది. నడుము పక్కన చూపించాను. సారు గీసిన బొమ్మలో సరిగ్గా అక్కడే గాజుపూసల వరస ఉంది. ఆమె సుద్దముక్కతో దాన్ని కొట్టేసింది. "ఈడ ఒక్క పూస గూడా వద్దు. చెయ్యి జారితే బిడ్డ పడతాది" అంది. సారుకు ఆ ఆలోచనే రాలేదు. మా అన్న తన అరచేతి వైపు చూసుకోవడం నాకింకా కళ్ళకు కడుతుంది.

అలాగని ఆమెకు అన్నీ తెలుసని కాదు. సాగే గుడ్డ ఆమెకు కొత్త. మొదటిసారి తొడిగి చూసినప్పుడు నేను వంగగానే మెడ దగ్గర్నుంచి నడుము దాకా కుట్టు పటుక్కున విడిపోయింది. రవి పడీపడీ నవ్వాడు. ఆపా నవ్వలేదు. రంజాన్ నెలంతా, పెళ్ళి జాకెట్ల వాళ్ళు వచ్చి తిట్టిపోతున్నా, సాగే గుడ్డ ముక్కల మీద ఆ కుట్టు నేర్చుకుంటూ కూర్చుంది. చెప్పిన రోజుకు ఏదీ ఇచ్చే మనిషి కాదు. ఆమె రేపు అంటే మూడు రోజులని మా అమ్మకు తెలుసు.

అంతకన్నా ముందు, కొలతలు తీసిన రోజు సంగతి చెప్పాలి. పన్నెండో ఏట నా మోకాళ్ళ మీద తెల్లమచ్చలు మొదలయ్యాయి. పదిహేనో ఏటికి పిక్కల దాకా పాకాయి. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా, కొందరు బంధువుల ఇళ్ళలో నా గ్లాసు వేరుగా పెట్టేవారు. సారు బొమ్మలో ఉన్నది పొట్టి స్కర్టు. జోడీలో అమ్మాయి స్కర్టు వేసుకోకపోతే మార్కులు పోతాయనీ, మందపాటి మేజోళ్ళు వేసుకుంటే సరిపోతుందనీ ఆయన అన్నారు. బజారంతా తిరిగితే దొరికిన మేజోళ్ళు నా ఒంటి రంగువి కావు, నా మచ్చల రంగువి. తొడుక్కుంటే కాలంతా ఒకే మచ్చలా కనిపించింది. స్కేటింగ్ మానేస్తానని అన్నకు ఎలా చెప్పాలా అనుకుంటూనే ఆ రోజు అంగడికి వెళ్ళాను.

ఆపా సల్వారు మోకాలి పైకి మడవమంది. నేను కదల్లేదు. ఆమె లేచి అంగడి తెర దించి మళ్ళీ వచ్చి కూర్చుంది. అప్పుడు నేనే మడిచాను. ఆమె చూసింది. టేపు పెట్టింది. అంకెలు రాసుకుంది. అందరి కాళ్ళకూ ఎలా కొలుస్తుందో నా కాళ్ళకూ అలాగే కొలిచింది. టేపు మెడలో వేసుకుంటూ అంది:

"దాయమంటే దాస్తా. చూపించమంటే చూపిస్తా. ఏది కావల్లనో నువ్వు చెప్పు. నేను గుడ్డ కోసేదాన్ని, నీ బదులు చెప్పేదాన్ని కాదు."

దాచమన్నాను. కానీ స్కర్టే వెయ్యాలట కదా అన్నాను. అలా ఎక్కడ రాసి ఉందని ఆమె అడిగింది. సారు చెప్పారన్నాను. సారు చెప్పింది సరేగాని నిబంధనల పుస్తకం ఉంటుంది కదా, తెచ్చి చదువు, నాకు ఇంగ్లీషు రాదు, నువ్వు చదివి నాకు చెప్పు అంది. ఇంటర్నెట్ సెంటర్లో నిబంధనల కాగితాలు తీయించుకొచ్చి, ఆమె మిషన్ పక్కన స్టూలు మీద కూర్చుని, తెలియని మాటలకు ఫోన్లో అర్థం వెతుక్కుంటూ చదివాను. బట్టలు మర్యాదగా ఉండాలి, కదలికకు అడ్డం రాకూడదు, వాటి నుంచి ఏదీ ఊడి నేల మీద పడకూడదు. అంతే. స్కర్టే వేసుకోవాలని ఎక్కడా లేదు. ఆపా ముదురు నీలం గుడ్డతో చీలమండ దాకా ప్యాంటు కుట్టింది. రవికీ అదే గుడ్డ, కాలరు మీద మెరిసే గాజురాళ్ళు. బట్టల నిబంధన ఉన్న కాగితం మడిచి బూట్ల సంచిలో పెట్టుకోమంది.

విశాఖపట్నంలో పోటీలు. మేం రింకులోకి దిగబోతుంటే ఒక పెద్ద జడ్జి నన్ను ఆపి, అమ్మాయి ప్యాంటు వేసుకుంటే మార్కు తీయాల్సి వస్తుందన్నారు. సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. ఇది చదవమని ఎవరు చెప్పారని అడిగారు. మా టైలరని చెప్పాను. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, వెళ్ళి బాగా చేయమన్నారు. బాగానే చేశాం. అయినా నాలుగో స్థానం వచ్చింది. గోడకు అంటించిన మార్కుల పట్టీ చూస్తే కారణం తెలిసింది. రవి కాలరు నుంచి ఒక గాజురాయి ఊడి నేల మీద పడింది. దానికి కోసిన మార్కుతోనే మూడో స్థానం పోయింది.

రైల్లో దారి పొడుగునా ఆ జడ్జీలను తిడుతూనే ఉన్నాను. దిగీ దిగగానే ఆపా దగ్గరికెళ్ళి చిన్న రాయికి ఇంత అన్యాయమా అన్నాను. ఆమె మిషన్ ఆపింది.

"రాలింది నిజమేనా?"

"నిజమే ఆపా. కానీ..."

"నిజమైతే జడ్జి తప్పేమీ ల్యా. తప్పు నాది. దారంతో కుట్టల్సింది, జిగురుతో అంటిస్తి."

వారం రోజులు కూర్చుని రాళ్ళన్నీ పీకి, ఒక్కొక్కటీ దారంతో కుట్టి, వెనక ముడి వేసింది. నేనూ పక్కన కూర్చుని సూదులకు దారం ఎక్కించాను. ఒక జడ్జికి కాగితం చూపించమన్న మనిషే ఇంకో జడ్జిని తిట్టనివ్వలేదు. ఆ రెండూ ఒకటేనని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మూడేళ్ళ తర్వాత, రవి ఉద్యోగానికి వెళ్ళిపోయే ముందు మా ఆఖరి పోటీ కర్నూలులోనే జరిగింది. ఆ సారి స్కర్టు కుట్టమని అడిగాను. ఆపా ఒక క్షణం నా ముఖంలోకి చూసి, మేజోళ్ళు కావాలా అంది. వద్దన్నాను. ఎంత పొడుగు అంది. మోకాలికి రెండు వేళ్ళ పైన చూపించాను. అక్కడ సుద్దతో గీత పెట్టింది. నేను రింకులోకి రాగానే ముందు వరసలో ఎవరో గుసగుసలాడారు. మొదటిసారి అన్న నన్ను పైకి ఎత్తాక మాత్రం నా కాళ్ళ సంగతే నాకు గుర్తులేదు. రెండో స్థానం వచ్చింది. ఆపా పోటీ చూడటం అదే మొదలు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె మాత్రం నేలనే చూస్తూ కూర్చుంది. మేం బయటికి వచ్చాక దగ్గరికొచ్చి, "ఏమీ రాల్లే" అంది. ఆ ముఖంలో అంత సంతోషం నేను ముందెప్పుడూ చూడలేదు.

తర్వాత నేను జడ్జి పరీక్ష రాసి ప్యాసయ్యాను. ఆ మాట చెబుదామని వెళ్ళినప్పుడు, అరవై దాటిన ఆపా కళ్ళ ఆపరేషన్ చేయించుకుని మిషన్ను కోడలికి అప్పగించి ఉంది. కోడలు కుట్టినవాటిని తను రెండు చేతులతో లాగి కుట్టు గట్టిదనం చూస్తోంది. ఇప్పటికీ అదే పని. ఆ రోజు నాకు మిఠాయి పెట్టి ఒకటే అడిగింది.

"మార్కు తీసినప్పుడు ఆ బిడ్డకాడికి పోయి ఎందుకో చెప్తావా? నీకు ఆ పొద్దు ఎవురూ చెప్పల్యా. గోడ మీద అంకె చూసి తెలుసుకొంటివి."

చెప్తానన్నాను. మొన్న కడపలో పదకొండేళ్ళ అమ్మాయి, అబ్బాయి జోడీ ఒకటి మామూలు వెలిసిన గుడ్డలతో వచ్చింది. మెరుపు లేదు, మార్కు తగ్గిద్దామని పక్కనున్న జడ్జి అన్నారు. మెరవాలని ఎక్కడా లేదన్నాను. ఆయన పుస్తకం తిప్పి చూసి ఒప్పుకున్నారు. కానీ గిరగిరా తిరిగేటప్పుడు ఆ అమ్మాయి జడలోని గుడ్డపువ్వు ఊడి నేల మీద పడింది. దానికి మార్కు తీశాను. ఫలితాలు చెప్పాక లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. కారణం చెబుతుంటే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుని, "అయితే పువ్వు పెట్టుకోగూడదా మేడం?" అని అడిగింది. పెట్టుకోవచ్చని, ఊడకుండా జడకు గట్టిగా ఎలా బిగించాలో చూపించాను. తన జోడీ అబ్బాయి వైపు తిరిగి, వచ్చే సారి రెండు పువ్వులు పెట్టుకుంటానంది.

ఇప్పటికీ మార్కు తీసిన ప్రతిసారీ కుర్చీలోంచి లేవడం నాకు కష్టంగానే ఉంటుంది. ఓడిన పిల్లల ముఖం చూడటం ఎవరికి ఇష్టం? కోచ్‌లు వాదిస్తారు, తల్లులు ముఖం తిప్పుకుంటారు. నాతో పనిచేసేవాళ్ళు అది మన పని కాదంటారు. అయినా లేస్తాను. సంతకం చేసిన పట్టీ బల్ల మీద పెట్టి, ఆ పిల్లలు ఎక్కడ కూర్చున్నారో వెతుక్కుంటూ వెళ్తాను.