సాకేత్‌లో దయ్యం సినిమా, మా మేనకోడలి తాత్పర్యం

ఢిల్లీ వెళ్ళినవాళ్ళు ఎర్రకోట చూస్తారు, కుతుబ్ మినార్ చూస్తారు. తొంభైల చివర్లో ఒక శనివారం నేను ఘాజియాబాద్ నుంచి బయల్దేరి ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళింది మాత్రం ఒక ఇంగ్లీషు దయ్యం సినిమా కోసం. దయ్యాల మీద నాకు ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు. ముందురోజు మా చెల్లెలు రమణి నేను పనిచేసే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, "అన్నయ్యా, మిన్ను బాత్రూములో ఎవరితోనో మాట్లాడుతోంది. అవతలినుంచి జవాబు కూడా వస్తోంది. నా చెవులతో విన్నాను" అంది. మిన్ను దాని కూతురు, తొమ్మిదేళ్ళది. మా బావగారు ఆఫీసు పనిమీద గౌహతిలో ఉన్నారు. ఆదివారం రాత్రి బండికి డెహ్రాడూన్ వెళ్ళి, ముస్సోరీ దగ్గర ఒక బోర్డింగ్ స్కూల్లో పిల్లని చేర్చేయాలని రమణి నిశ్చయించుకుంది. ఆ ఇంట్లోంచి పిల్లని తప్పిస్తే పట్టినదేదో వదులుతుందని దాని లెక్క.

మరి మధ్యలో సినిమా ఎందుకూ అంటే, మా చెల్లెలు కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. ఆ ఉద్యోగంలో ఏ నిర్ణయమైనా తీసుకునేముందు పూర్వం ఇలాంటి కేసులో ఏం చేశారో పాత ఫైలు తీసి చూడటం ఆచారం. ఫ్యాను మార్చాలన్నా అంతే, ప్యూనుని మార్చాలన్నా అంతే. ఆ ఆచారం వాళ్ళ ఇంట్లోకి కూడా వచ్చేసింది. పక్క సీటు మేడమ్ ఎవరో "సాకేత్‌లో సైకలాజికల్ పిక్చర్ ఆడుతోంది, అందులోనూ ఇలాంటి పిల్లే, తల్లులందరూ చూడాలి" అన్నదట. ఇంకేం, పాత ఫైలు దొరికినట్టే. "ఆ పిల్లని ఏం చేశారో చూసి, ఆదివారం బయల్దేరదాం" అంది. డాక్టరుకి చూపించవచ్చు కదా అంటే, "ముందు ఇది చూద్దాం" అంది.

ఇప్పుడైతే మెట్రో ఎక్కి హాయిగా నిద్రపోవచ్చు. అప్పట్లో ఘాజియాబాద్ నుంచి పొద్దున్నే లోకల్ రైలెక్కి నిజాముద్దీన్‌లో దిగాలి, రెండు బస్సులు మారి వసంత్ కుంజ్ చేరాలి. ఎంత తొందరపడినా రెండున్నర గంటలు. పాల డబ్బాలవాళ్ళ మధ్య నిలబడటం తెలిస్తే రైలు ప్రయాణం సుఖమే. డబ్బా మూత మీద కూర్చోమని ఒకాయన నాకు మర్యాద చేశాడు కూడా. నా పాంటు మీద గుండ్రంగా ఏర్పడిన ఆ మర్యాదని వసంత్ కుంజ్‌లో తలుపు తీయగానే మిన్ను చూసి, "మామయ్యా, మీ వెనక చంద్రుడు ఉన్నాడు" అంది. నాకైతే దయ్యం పట్టిన పిల్లలా కనబడలేదు.

పిల్లని ఇంట్లో ఒంటరిగా వదలడానికి రమణికి ధైర్యం చాలలేదు, దాన్ని కూడా తీసుకుని మ్యాటినీకి బయల్దేరాం. వసంత్ కుంజ్ నుంచి సాకేత్‌కి మెహ్రౌలీ మీదుగా ఆటో. డెబ్భై అడిగాడు, నేను ముప్ఫై అన్నాను, యాభైకి ఇద్దరం సమానంగా బాధపడ్డాం.

"కౌన్ సీ పిక్చర్ సాబ్?" అని అడిగాడు.

"భూత్ వాలీ" అన్నాను.

"భూత్ దేఖ్‌నే కే లియే ఇత్నీ దూర్? మాలిక్ మకాన్ కే ఘర్ చలే జాతే" అని వాడు తనే నవ్వుకున్నాడు. అద్దెకుండే వాళ్ళందరికీ ఇంటి ఓనరే దయ్యమని ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు.

సాకేత్‌లో అప్పటికి కొత్తగా ఒకే కప్పు కింద నాలుగు సినిమాలు ఆడే హాలు వచ్చింది. ఇలాంటి చోట్ల టిక్కెట్టు దొరకడం తేలికే గాని, సరైన తలుపు దొరకడం కష్టం. నేను మొదట వెళ్ళిన గదిలో హీరో హీరోయిన్లు స్విట్జర్లాండులో పాడుకుంటున్నారు. అక్కడే ఉండిపోదామా అని క్షణం ఆలోచించాను. రమణి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆకలేస్తే లోపల పాప్‌కార్న్ కొనకండి. బయట మార్కెట్లో బండి మీద బ్రెడ్ పకోడీ తినేసి లోపలికి వెళ్ళండి. పెద్దవాళ్ళు తోడుంటే పిల్లల్ని రానిచ్చే సినిమాయే అయినా, గేటు దగ్గర మనిషి మిన్నుని చూసి, "డరేగీ తో నహీఁ?" అన్నాడు, జడుసుకోదు కదా అని. మిన్ను నా వంక చూసి, "మైఁ నహీఁ. మామయ్య కా పతా నహీఁ" అంది. తనకి భయం లేదట, నా సంగతే తెలీదట.

సినిమా మొదలైంది. మంచుకురిసే ఊరు, ఊరి చివర చెక్క మేడ, అందులో ఒక తల్లి, ఒక కూతురు. ఆ కూతురు గోడతో మాట్లాడుతుంది, గోడ జవాబిస్తుంది. ఇద్దరికి పద్నాలుగు గదుల ఇల్లు ఎందుకో నాకు అర్థం కాలేదు. దయ్యం చేరిందంటే దాని తప్పేముంది? అన్ని గదులు ఖాళీగా ఉంటే ఘాజియాబాద్‌లో మనుషులే చేరిపోతారు. పైగా ఏదైనా చప్పుడైతే ఆ తల్లి లైటు వేయదు. కరెంటు ఇరవైనాలుగ్గంటలూ ఉండే దేశంలో చీకట్లో తడుముకోవడమేమిటో! ఒకచోట బాత్రూము కుళాయి తిప్పితే బొటబొటా రక్తం కారింది. అందరూ కెవ్వుమనాల్సిన ఘట్టం. వెనక వరసలోంచి ఒకావిడ, "చలో, నల్ మేఁ కుఛ్ తో ఆయా!" అని, పోనీ కుళాయిలో ఏదో ఒకటి వచ్చిందన్నట్టు నిట్టూర్చింది. దక్షిణ ఢిల్లీ నీళ్ళ కరువు అలాంటిది. హాలంతా గొల్లుమంది.

ఇంగ్లీషు నేను నిఘంటువు పక్కన పెట్టుకుని, పొట్లాలు కట్టిన పేపర్లు చదివి నేర్చుకున్నాను. అచ్చులో ఉంటే ఎంతటి ఇంగ్లీషైనా లొంగుతుంది, నోట్లో ఉంటే మాత్రం జారిపోతుంది. రమణిదీ అంతే, ఆఫీసు నోట్లలో పులి, అమెరికావాళ్ళు మాట్లాడితే పిల్లి. అందుకని మాటిమాటికీ, "ఏమంటోందే?" అని మధ్యలో కూర్చున్న మిన్నుని అడుగుతూ వచ్చాం. మామూలుగా మనం తెలుగులో అడిగితే ఎక్కువగా హిందీలో జవాబిచ్చే పిల్ల, ఆ పూట మాత్రం మాకు అర్థం కావాలని తెలుగులోనే తాత్పర్యం చెప్పింది.

"డాక్టర్ అడుగుతున్నాడు, గోడలో ఎవరున్నారని. ఆ అమ్మాయి చెప్పట్లేదు."

"ఎందుకు చెప్పదూ?" అంది రమణి.

"చెప్తే డాంట్ పడుతుంది కదా మమ్మీ, తిట్లు."

ఇంటర్వెల్ అయ్యింది, కథ ముదిరింది. తెర మీద మసక చీకటి. మిన్ను చెబుతూనే ఉంది. "ఆ అమ్మాయి అంటోంది, మమ్మీ, నేను పాగల్ కాదు. పైన ఫ్లాట్‌లో ఉన్న నా ఫ్రెండ్‌తో మాట్లాడుతున్నా, అంతే. నువ్వూ ఆంటీ నీళ్ళ మోటారు గురించి కొట్టుకున్నారు కదా. మమ్మల్ని ఆడుకోవద్దన్నారు కదా. బాత్రూమ్ కిటికీలోంచి పిలిస్తే పైకి వినిపిస్తుంది. చెప్తే దానికి కూడా దెబ్బలు పడతాయి. నన్ను హాస్టల్‌కి పంపొద్దు."

నేను ఆశ్చర్యపోయి, "అమెరికాలో కూడా నీళ్ళ మోటారు గొడవలున్నాయా?" అని పైకే అనేశాను.

రమణి నా మోచేతి మీద గట్టిగా గిల్లింది. "అన్నయ్యా, తెర మీద ఎవరున్నారు?"

చూద్దును గదా, ఎవరూ లేరు. పొడుగాటి వరండా, చివర ఒక ఖాళీ కుర్చీ. అది దానంతటదే ఊగుతోంది. ఎవరి పెదవీ కదలడంలేదు.

రమణి చాలాసేపు తెర వంకే చూసింది. తరవాత మెల్లగా అడిగింది, "ఆ పిల్ల ఇంకా ఏమంటోంది?"

"ఇంకేం అనట్లేదు. ఏడుస్తోంది."

తెర మీద పిల్ల ఆ క్షణంలో పకపకా నవ్వుతూ తల గిర్రున తిప్పుతోంది.

"మరి వాళ్ళమ్మ ఏమంటోంది?"

"పతా నహీఁ" అంది మిన్ను. "ఆవిడ ఇంకా ఏం అనలేదు."

రమణి పిల్ల తలని తన భుజానికి ఆనించుకుంది. ఆ అమెరికా పిల్ల చివరికి ఏమయ్యిందో, చెక్క మేడ ఎందుకు తగలబడిందో ఈనాటికీ నాకు తెలీదు. తాత్పర్యం అక్కడితో ఆగిపోయింది.

ఇంటికి రాగానే రమణి చెప్పులైనా విప్పకుండా బాత్రూములో బకెట్టు బోర్లించి, దాని మీదెక్కి, పైనున్న చిన్న కిటికీ తెరిచింది. అక్కడ ఫ్లాట్లన్నిటి బాత్రూములూ ఒకే గాలి గొట్టంలోకి తెరుచుకుంటాయి. పైపులు, పావురాల రెట్టలు, దుమ్ము. రమణి మెడ సాచి, ఆఫీసు గొంతుతో, "పింకీ కీ మమ్మీ!" అని పిలిచింది.

పైన గిన్నె పడ్డ చప్పుడు. "హాయ్ రబ్బా! ఫిర్ ఆ గయీ!" అని, దయ్యం మళ్ళీ వచ్చేసిందని కేక. వెనకే గాయత్రీ మంత్రం.

అప్పుడు తెలిసింది, పైవాళ్ళు కూడా వాళ్ళ పింకీకి ఏదో పట్టిందనే అనుకుంటున్నారు. బాత్రూము తలుపుకి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టి, ఎల్లుండి హోమానికి పంతుల్ని కూడా మాట్లాడుకున్నారట. "భూత్ నహీఁ జీ, నీచే వాలీ రమణీ" అని, దయ్యం కాదు కిందింటి రమణినని మా చెల్లెలు నాలుగుసార్లు మనవి చేసుకుంటే తప్ప ఆవిడ మంత్రం ఆపలేదు. ఆ గొట్టంలోనే సంధి జరిగింది. మోటారు రోజు విడిచి రోజు. పిల్లలు మాత్రం రోజూ. మిన్ను బాత్రూము గుమ్మంలో నిలబడి, "మమ్మీ, ఇప్పుడు మెట్ల మీంచి వెళ్ళొచ్చా?" అని అడిగింది. రమణి బకెట్టు మీంచి దిగకుండానే తల ఊపింది. అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

మర్నాడు పొద్దున్న డెహ్రాడూన్ టిక్కెట్లు రద్దు చేయించడానికి రిజర్వేషన్ లైనులో నిలబడింది నేనే. నా వెనకాయన ఏమైందని అడిగితే, సినిమా చూశామండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేనూ విడమరచలేదు. తరవాత ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో చూశాను గాని, ఖాళీ కుర్చీ ఊగుతుంటే ఒక తల్లి తన పిల్ల గొంతు విన్న ఆ చీకటి హాలు లాంటి చోటు మళ్ళీ తగల్లేదు. పిల్లలు మనతో నేరుగా చెప్పలేనిది ఎవరో ఒకరి పేరు మీద చెబుతారు. గోడ పేరు మీదో, బొమ్మ పేరు మీదో, తెర మీది పిల్ల పేరు మీదో. ఆ పూట మేము వినగలిగామంటే మా తెలివి కాదు, మాకు ఇంగ్లీషు రాకపోవడమే కారణం.

మీరూ పిల్లల్ని తీసుకుని పరభాషా సినిమాకి వెళ్ళే ఆలోచనలో ఉంటే ఒక్క సలహా. వాళ్ళని మధ్యలో కూర్చోబెట్టుకుని తాత్పర్యం చెప్పించుకోండి. కళ్ళు మాత్రం తెర మీంచి తిప్పకండి. అక్కడ ఎవరి పెదవులూ కదలకపోతే, ఇంకాస్త దగ్గరగా వంగి వినండి.